నెమ్మది గుండెల నిఘంటువు

నమోదు 1
సోమవారం ఉదయం, పంటు మీద

ఈ లాగ్‌లో 'ఆపరేటర్ వ్యాఖ్య' అని ఒక గడి ఉంది. అందులో పదిహేను మాటలకు మించి రాయకూడదని తీర శ్రామిక ఆరోగ్య బోర్డు నియమం. ఒక మనిషి ఒంట్లోంచి నాలుగు లక్షల కొలతలు లాక్కుంటారట. ఆ మనిషి ఏమందో రాయడానికి మాత్రం పదిహేను మాటలు చాలట! నేనీ నియమం పాటించను. యాభై రెండేళ్ళకి కొత్తగా అణకువ నేర్చుకునే ఓపిక నాకు లేదు.

నా పేరు సంఘమిత్ర. పత్రికల్లో పాతికేళ్ళు పోట్లాడాను. ఇప్పుడీ పంటు మీద యంత్రం నడుపుతున్నాను. పంటు అనే ఈ పెద్ద బల్లకట్టు కొత్తరేవు కట్టకి ఆనుకుని నిలబడి ఉంది. కట్ట వెనక వెయ్యి గడపలు. వాళ్ళ వీధులకన్నా సముద్రం రెండు బారలు ఎత్తులో ఉంది. ఇక్కడ సిమెంటు గోడ మూడుసార్లు కట్టారు, సముద్రం మూడుసార్లు మింగింది. చివరికి నిలబడింది ఆల్చిప్పల కట్టే. పిల్ల ఆల్చిప్పలు అంటించిన తాళ్ళని నీళ్ళడుగున కట్టకి బిగిస్తే, అవి పెరిగి, ఒకదాన్నొకటి కరుచుకుని రాయి అవుతాయి. టెండర్లు వెయ్యడం రాదు కాబట్టి కాబోలు, పని మాత్రం నికరంగా చేస్తాయి.

తాళ్ళు బిగించేది పధ్నాలుగు మంది ఆడవాళ్ళ జట్టు. గాలి డబ్బాలు పెట్టుకోరు. బుడగలు తగిలితే పిల్ల చిప్పలు పట్టు వదిలేస్తాయి. ఒక్క ఊపిరితో దిగుతారు, కట్టి వస్తారు. ఇకనుంచి ఏ గుండె దిగొచ్చో ఏది దిగకూడదో ఈ యంత్రం చెప్పాలని బోర్డు నిర్ణయం.

దీనికి వీళ్ళు 'డోలు' అని పేరు పెట్టేశారు. సరైన పేరే. పాత రోజుల్లో ఇలాంటి యంత్రంలో ముప్పావుగంట కదలకుండా పడుకుంటే నలుపూ తెలుపూ బొమ్మలొచ్చేవి. ఆ బొమ్మ చూసి ఇద్దరు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పేవారు. డోలు బొమ్మతో సరిపెట్టదు, కొలుస్తుంది. ఒంట్లో నీటిని అయస్కాంతంతో కదిపి, అది ఎంతసేపట్లో కుదురుకుంది, ఎంత తొందరగా చెదిరింది, కొవ్వెంత, ఇనుమెంత అని అన్నీ ఒకేసారి, నాలుగు నిమిషాల్లో లెక్క తీస్తుంది. తాళం లేకుండా అడ్డదిడ్డంగా వాయిస్తుంది. ప్రతి కండరం తన తీరులో బదులిస్తుంది. ఆ బదులుని ఆరు లక్షల బదుళ్ళున్న నిఘంటువులో వెతికి, అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుని, ఇదే అంటుంది.

ఇవాళ మొదటి స్కాన్లు. జట్టు మేస్త్రి నూకరత్నం లోపలికి తొంగిచూసి వెనక్కి వచ్చేసింది. తొమ్మిది బారల లోతుకి నవ్వుతూ దిగే మనిషి.

"ఏటండీ మిత్రమ్మగారూ, ఇది పాడెలాగుంది" అంది.

"నాలుగే నిమిషాలమ్మా. మధ్యలో ఊపిరి బిగబట్టమంటాను, అంతే."

"ఊపిరి సంగతి మాకు సెప్తారేటండి! అది కాదు. మొహం తడపకుండా మేం ఎక్కడికీ దిగం. నీళ్ళల్లోకే దిగం, దీంట్లోకి ఎలా దిగుతామండి?"

పక్కనే ఉన్న దానమ్మ, జట్టులో అందరికన్నా పెద్ద గొంతు, అందుకుంది. "దానికి గంగమ్మ గుడ్డ కావాలండి. సన్నీళ్ళల్లో ముంచి మొహం మీదెయ్యండి, సంటిపిల్లలాగ పడుకుంటది."

వేశాను. వెయ్యకూడదని ఏ నియమమూ లేదు. కార్మికుల ఆచారాన్ని గౌరవించని వైద్యం వైద్యమా? పధ్నాలుగు మందికీ మంచునీళ్ళలో ముంచిన గుడ్డ నా చేత్తో నేనే కప్పాను. అందరూ కిమ్మనకుండా పడుకున్నారు.

నమోదు 3
బుధవారం

ఫలితాలు వచ్చాయి. పధ్నాలుగు మందిలో పదకొండు మందికి ఎర్రగుర్తు. గుండె కండరంలో ఇనుము పేరుకుందట.

ఇనుము! నేను కిటికీలోంచి చూశాను. ఆటు సమయం, మునిగిపోయిన పాతరేవు క్రేన్లు నీళ్ళలోంచి నెత్తి బయటపెట్టి ఉన్నాయి, తుప్పు కారుతూ. రేవు కట్టినవాళ్ళు లాభాలు ఎత్తుకెళ్ళారు, ఇనుము ఇక్కడ వదిలేశారు. ముప్పై ఏళ్ళుగా ఈ ఆడవాళ్ళు ఆ తుప్పులో మునిగి లేస్తున్నారు. ఇప్పుడది గుండెల్లో చేరింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

స్కాన్ పత్రాలు ముందేసుకుని మధ్యాహ్నంలోపు వ్యాసం రాశాను. 'మా గుండెల్లో మీ తుప్పు.' నా జీవితంలో అంత తేలిగ్గా కలం నడిచిన రోజు లేదు. నాలుగు పత్రికలకీ పంపాను. చట్టప్రకారం ఇవ్వాల్సిన అనుమతి పత్రాల మీద జట్టంతా సంతకాలు పెట్టింది. నూకరత్నం మాత్రం పెట్టేముందు అడిగింది.

"మరి మాకేటీ అవలేదు గదండీ? ఆయాసం లేదు, కాళ్ళవాపు లేదు."

"ఇనుము నెమ్మదిగా చంపుతుంది" అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయి ఊరుకుంది. వ్యాసం రాసిన ఊపులో ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మౌనం అంగీకారంలాగే వినిపిస్తుంది. అప్పుడు నాకూ అలాగే వినిపించింది.

నమోదు 6
ఆదివారం

వ్యాసం అన్నిచోట్లా వచ్చింది. రెండు ఊళ్ళలో సభలు పెట్టారు. బోర్డు కూడా చదివింది. చదివి, పాతరేవు కట్టిన కంపెనీ మీద కేసు పెట్టలేదు. ఎర్రగుర్తు ఉన్న పదకొండు మందీ నీళ్ళలోకి దిగకూడదని ఉత్తర్వు పంపింది, నూకరత్నం పేరు మొదట పెట్టి.

బాధితులకు రక్షణ కావాలని నేను రాశాను. ఇదిగో రక్షణ!

అమావాస్య పోటుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. కట్ట అడుగున తొమ్మిది బారల లోతులో ఒక గండి పడింది. పోయిన వానాకాలం అలలు చేసిన పని. పోటులోపు దాన్ని తాళ్ళతో మూసెయ్యాలి. ఆ లోతుకి దిగి రెండు నిమిషాలు నిలబడి ముడి వెయ్యగలిగింది జట్టులో నూకరత్నం ఒక్కతే. పచ్చగుర్తు వచ్చిన ముగ్గురూ కొత్తగా చేరినవాళ్ళు, నాలుగు బారలకి మించి దిగలేదు.

పొద్దున పంటు ఎక్కింది నూకరత్నం. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"నాకు రోగముంటే ఉందండి, ఒడ్డునే కూకుంటాను. లేకపోతే మాత్రం గండి ముయ్యాల. ఉందో లేదో తేల్చి సెప్పండి. ఉన్నట్టుంది, అయ్యుండొచ్చు అని సెప్పకండి."

ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పాతికేళ్ళలో సంపాదకులు కూడా అడగలేదు.

నమోదు 7
సోమవారం

బోర్డు వైద్యాధికారి చక్రపాణిగారితో తెర మీద మాట్లాడాను. శుభ్రంగా దువ్వుకున్న తల, వెనక గోడ మీద నీలం రంగు తీరరేఖ పటం. ఆ పటంలో కొత్తరేవు లేదు.

"రెండోసారి స్కాన్‌కి అనుమతివ్వండి" అన్నాను.

"మేడమ్, ఇనుము ఉందని మీరే నాలుగు పత్రికల్లో రాశారు. మేం ఒప్పుకున్నాం. ఇప్పుడు మళ్ళీ మీరే కాదంటే ఎలా?"

"కాదనడం లేదు. తేల్చమంటున్నాను."

"యంత్రం తేల్చింది కదండీ."

యంత్రం తేల్చింది! కులం తేల్చింది, ముహూర్తం తేల్చింది, మార్కెట్ తేల్చింది, ఇప్పుడు యంత్రం. కర్త ఎవరో చెప్పకుండా నిర్ణయాలు జరిగిపోయే దేశం ఇది. ఇదంతా ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఓపిగ్గా విని, "రెండో స్కాన్‌కి అభ్యంతరం లేదు మేడమ్. అది ఆపరేటర్ ఇష్టం, తొమ్మిదో నియమం చూడండి" అన్నాడు.

చూశాను. నిజమే. అడగకుండానే చెయ్యొచ్చు. నియమాలు చదవకుండా వాటిని తిట్టడం నా పాత అలవాటు.

నమోదు 9
బుధవారం

సలోమి టీచరు వచ్చింది. ఇక్కడి బడిలో లెక్కలు చెప్తుంది. నా ఈడుదే. నాతో వాదించి అలసిపోని మనిషి ఈ ఊళ్ళో ఈమె ఒక్కతే. చేతిలో పిల్లల పరీక్ష పేపర్ల కట్టలాంటిది ఒకటి పట్టుకొచ్చింది.

"నీళ్ళు పరీక్ష చేయించానే మిత్రా. క్రేన్ల దగ్గర, కట్ట దగ్గర, ఊరి బోరులో, అన్నిచోట్లా. ఇనుము మామూలుగానే ఉంది."

"పరీక్ష తప్పై ఉంటుంది."

"నీ యంత్రం చెప్తే నిజం, నా సీసా చెప్తే తప్పా? ఏది, ఆ పత్రాలు ఇలా ఇవ్వు."

నూకరత్నం స్కాన్ పత్రం కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందకి చదివింది. నేను ఎర్రగుర్తు దగ్గర ఆగిపోయాను. ఆమె కింద మూల చిన్న అక్షరాల దాకా పోయింది.

"స్కాన్ జరుగుతున్నప్పుడు గుండె నిమిషానికి ముప్పై నాలుగుసార్లు కొట్టుకుందని ఉంది. నువ్వు చూశావా?"

చూశాను. వేలికి తగిలించే క్లిప్పు వదులుగా ఉందనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"పదకొండు మందికీ వదులుగానే ఉందా?"

నేను మిగతా పత్రాలు కూడా ముందేసుకున్నాను. ఆమె నిఘంటువు వివరాల పుస్తకం తెప్పించుకుని తిరగేసింది. గుండె కదిలే కండరం కాబట్టి డోలు ప్రతి దెబ్బకీ ఒకే క్షణంలో కొలుస్తుంది. అందుకని దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత వ్యవధి ఉందో నిఘంటువుకి తెలియాలి. బోర్డు నిఘంటువులో నిమిషానికి యాభై దెబ్బల నుంచి నూటపది దాకానే ఉన్నాయి. అంతకన్నా నెమ్మదిగా కొట్టుకునే గుండె వస్తే దాన్ని యాభైగానే జమకట్టేస్తుంది.

"రెండు దెబ్బల మధ్య ఎక్కువ టైముంటే కండరం ఎక్కువ కుదురుకుంటుంది" అంది సలోమి. "యంత్రానికి ఆ టైము సంగతి తెలీదు. ఇంత తొందరగా కుదురుకుందేమిటి అనుకుంటుంది. అంత తొందరగా కుదురుకునేది ఏది? ఇనుము పట్టిన కండరం. దగ్గర్లో అదే ఉంది, అదే చెప్పేసింది."

"తెలియదని చెప్పొచ్చు కదా!"

"దానికా మాట నేర్పలేదు. నీకూ ఎవరూ నేర్పినట్టు లేదులే."

నూకరత్నాన్నీ దానమ్మనీ పిలిపించాం. నూకరత్నాన్ని బల్ల మీద కూర్చోబెట్టి వేలికి క్లిప్పు పెట్టాం. డెబ్బై రెండు. మొహం మీద తడిగుడ్డ వేసి ఊపిరి బిగబట్టమన్నాను. అరవై. నలభై ఎనిమిది. అర నిమిషంలో ముప్పై ఆరు. మొహానికి చన్నీళ్ళు తగిలి ఊపిరి ఆగితే గుండె నెమ్మదించడం మనుషులందరి ఒంట్లోనూ ఉంది. వీళ్ళ ఒంట్లో మరీ ఉంది. ముప్పై ఏళ్ళ సాధన అది.

"అంటే గుడ్డ వల్లేనా అండి ఇదంతా?" అని అడిగింది నూకరత్నం.

"గుడ్డ వల్ల" అన్నాను. "గుడ్డ వేసిన నా వల్ల."

దానమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. "తుప్పు తుప్పు అని ఊరంతా సాటింపేశారు గదండీ. ఆకరికి అది మా తువ్వాలా!"

పంటు ఊగేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అబద్ధం రాసి దొరికిపోయినవాళ్ళని చాలామందిని ఉతికాను నేను. నిజం అనుకుని, నిజం కావాలని కోరుకుని రాసినవాళ్ళని ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు.

నమోదు 11
శుక్రవారం

గుడ్డ లేకుండా పదకొండు మందినీ మళ్ళీ స్కాన్ చేశాను. భయపడ్డారు, తిట్టారు, పడుకున్నారు. ఏడుగురికి గుండె యాభై పైన నిలిచింది, పచ్చగుర్తు వచ్చింది. నలుగురికి రాలేదు. ఆ నలుగురిలో దానమ్మ ఉంది, నూకరత్నమూ ఉంది.

నూకరత్నానికి గుడ్డ అక్కర్లేదు. మైకులో నేను 'ఊపిరి' అనగానే గుండె దిగిపోతుంది. ముప్పై ఎనిమిది. మామూలుగా పీల్చమంటే వేగం నిలుస్తుంది కానీ ఊపిరికి గుండె కదిలి కొలత చెదిరిపోతుంది. ఆరుసార్లు ప్రయత్నించాం.

"నేనేటి సెయ్యనండి" అంది బయటికొచ్చి, చెమటలు తుడుచుకుంటూ. "అది నా మాట ఇనదు. ఊపిరి అన్నారా, దానికి నీళ్ళే."

ఇక్కడ తప్పు గుడ్డదీ కాదు, నాదీ కాదు. నిఘంటువు రాసినవాళ్ళు ఎవరి గుండెలు కొలిచారు? కుర్చీల్లో కూర్చునే గుండెలు. మెట్లెక్కితే దడదడలాడే గుండెలు. వాటికి 'మామూలు' అని పేరు పెట్టారు. ఆ మామూలులో పట్టనివాళ్ళు రోగులు! నా వ్యాసంలో కోపం సరైనదే, అది పడాల్సిన చోటు తప్పింది.

నమోదు 12
శనివారం

సలోమి చెప్పింది. "నిఘంటువుని ఎవరూ తపస్సు చేసి తేలేదే. అవి సమీకరణాలు. అందరికీ తెరిచే ఉన్నాయి. ఇరవై ఎనిమిది నుంచి యాభై దాకా గుండె వేగాలు పెట్టి కొత్త బదుళ్ళు మనమే లెక్కగట్టొచ్చు. దేనికీ దగ్గరగా లేకపోతే దొరకలేదని చెప్పమని కూడా రాయొచ్చు. బడిలో కంప్యూటర్లు చాలు. కరెంటే చాలదు. మబ్బుగా ఉంది. మూడు రోజులు ఆపకుండా నడవాలి."

ఊళ్ళో అంత కరెంటు ఒక్క మంచు గిడ్డంగి బ్యాటరీల్లోనే ఉంది. దాన్ని ఆపితే మూడు రోజుల చేపలు పోతాయి.

సాయంత్రం గిడ్డంగి ముందు జట్టూ, పడవలవాళ్ళూ కూర్చున్నారు. నేను లేచి మొదలుపెట్టాను. శరీరం మీద హక్కు, విజ్ఞానం మీద హక్కు, కొలతలు ఎవరి చేతిలో ఉంటే అధికారం వాళ్ళ చేతిలో ఉంటుంది అని... గిడ్డంగి చూసే అప్పలకొండ, నూకరత్నానికి మావయ్య, డెబ్బై ఏళ్ళవాడు, చెయ్యెత్తాడు.

"అమ్మా, మీ ఉపన్యాసం బాగుందండి. ఇంతకుముందు సెప్పినప్పుడూ బాగానే ఉందండి. అప్పుడే మా కోడలు ఒడ్డెక్కింది."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చున్నాను. సలోమి లేచి రెండే ముక్కలు చెప్పింది. మూడు రోజుల కరెంటు కావాలి, వచ్చే జవాబు రత్నానికి అనుకూలంగానే ఉంటుందని మాట ఇవ్వలేను.

నూకరత్నం నిలబడింది. "నాకు అనుకూలంగా అక్కర్లేదండి. నిజమైతే సాలు. మావయ్యా, సేపలు ఉప్పేసి పొగలో ఎండేద్దాం. రోజూ మంచు సేపేనా, ఓ పది రోజులు ఎండుసేప తింటే పేగులేటీ పడిపోవు."

"నీకేమే, తినేది నువ్వు. కంపు భరించేది నేను" అంటూనే అప్పలకొండ తాళాలగుత్తి తీసి సలోమి చేతిలో పెట్టాడు.

నమోదు 16
బుధవారం

కంప్యూటర్లు ఆగాయి. నలభై వేల కొత్త బదుళ్ళు. ఊరంతా పొగచేపల వాసన, నా జుట్టుతో సహా.

నలుగురినీ స్కాన్ చేశాను. ఈసారి గుడ్డ కప్పాను. గుండె ఎంత దిగినా మా దగ్గర మాటలున్నాయి. నూకరత్నం ముప్పై రెండుకి దిగింది. యంత్రం తడుముకోలేదు. కండరం శుభ్రం. ఇనుము లేదు, మచ్చ లేదు. మరో ఇద్దరికీ అంతే.

దానమ్మ దగ్గర ఆగాను. మూడుసార్లు కొలిచాను. గుండెలో ఇనుము. కాలేయంలో ఇంకా ఎక్కువ. గుండె వేగం ఏదైనా సరే, అదే జవాబు.

నాకు ఎంత కోరికో, ఇది కూడా తప్పని చెప్పడానికి! మనకి నచ్చినప్పుడే యంత్రాన్ని నమ్మితే, సోది చెప్పించుకునేవాళ్ళకీ నాకూ తేడా ఏముంది? దానమ్మని కూర్చోబెట్టి చెప్పాను.  

"మాత్రలండి" అంది, ఆ పెద్ద గొంతు తగ్గించి.

"ఏ మాత్రలు?"

"రక్తం మాత్రలండి, నల్లవి. ఆరోగ్య కేంద్రంలో అందరికీ ఇత్తారుగదా. వీళ్ళంతా నోరు సేదని పారేత్తారు. నేను ఏరుకుని మింగేదాన్నండి, రోజుకి ఐదారు. ఊపిరి పెరుగుద్దని. ఇరవై ఏళ్ళ నుంచీ. రత్నంలాగ తొమ్మిది బారలు దిగాలని."

నూకరత్నం ఆమె పక్కన కూలబడింది. "ఓసి దానా, నన్నడిగితే సెప్పనా! నాది మాత్రల్లో లేదే."

"ఎక్కడుంది మరి?"

"ఏమో. బయమేత్తే మా అమ్మ అంకెలు లెక్కెట్టమంది. అంతే."

ఆ నల్లవి ఇనుము మాత్రలే. దీనికి మందుంది. ఇనుముని పట్టి బయటికి తీసుకుపోయే మందు, ఏడాది వాడాలి. గుండె ఇంకా బలహీనపడలేదు. ఇంకో రెండేళ్ళు అలాగే మింగి దిగి ఉంటే నీళ్ళలోనే ఆగిపోయేది. ఈ మాట దానమ్మకి దాచకుండా చెప్పాను. మొదటి స్కాన్‌లో పది అబద్ధాల మధ్య ఈ ఒక్క నిజం ఉంది. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనబడలేదు. తప్పుడు నిఘంటువు చేసిన పెద్ద ద్రోహం అదే.

నమోదు 18
శుక్రవారం

పోటుకి ఇంకా వారం. చక్రపాణిగారికి కొత్త కొలతలు, సమీకరణాలు, నీళ్ళ పరీక్షలు అన్నీ పంపి తెర ముందు కూర్చున్నాను. నూకరత్నం, సలోమి నా పక్కన.

"చదివాను" అన్నాడాయన. నిజంగానే చదివాడు. నలభై వేలలో ఒక వరసలో పొరపాటు కూడా పట్టుకున్నాడు. సలోమి నాలిక కరుచుకుని రాసుకుంది. "కానీ కొత్త నిఘంటువుని బోర్డు ఆమోదించడానికి ఆరు నెలలు పడుతుంది మేడమ్. దానికి నేనేమీ చెయ్యలేను."

"ఆరు నెలలకి ఈ ఊరు మీ పటంలో ఉన్నట్టే ఉంటుంది. అంటే ఉండదు."

ఆయన వెనక్కి తిరిగి పటం చూశాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఒక దారి ఉంది. కొలిచే విధానంలో తప్పు జరిగిందని ఆపరేటర్ సంతకం పెట్టి ఒప్పుకుంటే, ఆ ఎర్రగుర్తులు అసలు పడనట్టే. నిషేధం ఇవాళే పోతుంది. పచ్చగుర్తు రాదు, కానీ దిగడానికి అడ్డూ ఉండదు. మీ వ్యాసం కూడా అదే పత్రికల్లో వెనక్కి తీసుకోవాలి. మీ శ్రేణి ఒక మెట్టు తగ్గుతుంది."

"నా తప్పు ఒప్పుకుంటాను. మీ నిఘంటువు తప్పు కూడా అదే కాయితం మీద రాస్తాను."

"అదే కాయితం మీద రాస్తే అది వివాదం అవుతుంది. వివాదం కమిటీకి వెళ్తుంది."

చూశారా, ఎంత ముచ్చటైన ఏర్పాటో! నేను ఒక్కదాన్నే తప్పు చేశానని ఒప్పుకుంటే అందరికీ సుఖం. నిఘంటువు నిష్కళంకం, బోర్డు నిష్కళంకం, ఒక కోపిష్టి ఆపరేటర్ తడిగుడ్డ వేసింది. ఇలాంటి కాయితాల మీద సంతకం పెట్టొద్దని పాతికేళ్ళు ఊరూరా తిరిగి చెప్పాను. అదే ఆయనకీ చెప్పడం మొదలుపెట్టాను. అరగంట మాట్లాడి ఉంటాను.

నూకరత్నం నా మోచెయ్యి పట్టుకుంది.

"మిత్రమ్మగారూ. మీరు సెప్పేదంతా నిజమేనండి. కానీ మీరు గెలిసేదాకా నేను ఒడ్డునుండాలాండి?"

సంతకం పెట్టాను. తడిగుడ్డ వేసింది నేనే, వేగం అంకె చూసి పట్టించుకోనిది నేనే, తుప్పని చాటింది నేనే. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదు. ఎదుటివాడికి పనికొస్తుందన్న భయంతో నిజాన్ని దాచుకోవడం మొదలుపెడితే ఇక నేను రాసేదేముంది?

"రెండో కాయితం విడిగా పంపండి" అన్నాడు చక్రపాణి, తెర ఆర్పేముందు. "నిఘంటువు గురించి. కమిటీలో దాని మీద నా పేరు కూడా పెడతాను. తిట్లు తగ్గించి రాస్తే త్వరగా చదువుతారు."

తగ్గించలేదు. కానీ వాటిని వెనక పేజీలకి మార్చాను. ముందు పేజీల్లో కొలతలున్నాయి.

నమోదు 21
సోమవారం

నా దిద్దుబాటు నాలుగు పత్రికల్లోనూ వచ్చింది. పాత మిత్రుడొకాయన ఫోన్ చేసి, అమ్ముడుపోయావా అన్నాడు. పొగచేపలకి అన్నాను. అర్థం కాలేదాయనకి.

శ్రేణి తగ్గింది కాబట్టి ఇకనుంచి నా ప్రతి నమోదు కిందా సలోమి టీచరు సంతకం ఉండాలి. ఇప్పటికే రెండు వాక్యాలు కొట్టేసింది. చక్రపాణి తల గురించి రాసినవి.

పక్క రేవులనుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళ జట్లలోనూ ఎర్రగుర్తులున్నాయట. కొత్త బదుళ్ళు కావాలన్నారు. సలోమి అప్పటికప్పుడు ఇచ్చేసింది, రసీదు కూడా అడగలేదు.

నమోదు 23
బుధవారం ఉదయం, అమావాస్య పోటుకి రెండు రోజుల ముందు

ఆటు. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. పంటుని గండి మీదకి లాక్కొచ్చారు. నాలుగు తాళ్ళు బిగించాలి. దానమ్మ దిగదు కాబట్టి తాడు పట్టుకుని అంచున కూర్చుంది, మందు మొదలుపెట్టి నాలుగు రోజులైంది. నోరు చేదని అందరికీ చెప్తోంది.

నూకరత్నం మొహానికి నీళ్ళు కొట్టుకుంది. ఒకసారి కట్ట వైపు చూసి, మునిగింది. నేను సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఇరవై. నలభై. తాడు జారుతూనే ఉంది. ఆమె గుండె లోపలెలా ఉందో నాకు తెలుసు. అన్ని కొలతలూ కంఠతా వచ్చు. ఏ కండరం ఎంతసేపట్లో కుదురుకుంటుందో వెయ్యోవంతుతో సహా చెప్పగలను. తొంభై. నూట పది. ఆ కొలతల్లో ఒక్కటీ నాకిప్పుడు సాయం రాలేదు. తాడు కదలడం ఆగింది. నూట ఇరవై. నేను రెయిలింగు పట్టుకుని నీళ్ళలోకి వంగాను.

"మిత్రమ్మగారూ" అంది దానమ్మ.

నేను తాడు మీంచి చూపు తిప్పలేదు.

"ఆవిడికింకా సగం ఊపిరుందండి. ముందు మీరు పీల్సండి, నీలంగా అయిపోతన్నారు."

అప్పుడు తెలిసింది. పీల్చాను. దగ్గొచ్చింది. సలోమి వీపు తట్టింది. నేను ఇంకా దగ్గుతుండగానే దానమ్మ చేతిలో తాడు కిందనుంచి రెండుసార్లు గట్టిగా గుంజుకుంది.

"ముడి పడిందండోయ్!" అని కట్ట మీదివాళ్ళకి వినబడేలా అరిచింది దానమ్మ.

నూకరత్నం నీళ్ళలోంచి తల పైకెత్తింది. మా ఎవరి వైపూ చూడలేదు. ఒక పెద్ద ఊపిరి వదిలి, ఒకటి పీల్చి, తడి చెయ్యి పంటు అంచు మీద పెట్టింది.

"రెండో తాడు ఇలా పడెయ్యవే."